చేతులు ఖాళీ అయ్యే వేళ

కాటా పళ్ళెం మీద కాటా బాబాయి రెండు అరచేతులూ ఆనించి, ఇస్త్రీ చేసేవాడిలా ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు రుద్దాడు. పొద్దున్నే ఇనప పళ్ళెం చల్లగా ఉంటుంది. చల్లటి ఇనుము వీపుకు తగిలితే ఏ పసివాడూ ఊరుకోడు. ఏడుస్తాడు, ఏడిస్తే కాళ్ళు తన్నుకుంటాడు, కాళ్ళు తన్నుకుంటే ముల్లు ఊగుతుంది, ముల్లు ఊగితే బరువు తప్పు పడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను పొద్దున్నే చేస్తున్న మొదటి పని ఈ ఇస్త్రీయే. నియామకపు కాగితంలో మాత్రం ‘అటెండరు’ అని ఒక్క ముక్కే ఉంది.

పళ్ళెం వెచ్చబడ్డాక దానిమీద కాగితం పరిచి, ముల్లు సున్నా దగ్గర నిలబడిందో లేదో ఒక కన్ను మూసి చూసుకుని, బెంచీ వైపు తిరిగాడు.

“మొదటివారెవరో దయచేయండి సార్.”

సార్ వయసు నలభై నాలుగు రోజులు. తల్లి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

పిల్లలను బాబాయి ఎప్పుడూ ‘మీరు’ అనే అంటాడు. మగపిల్లలు సార్లు, ఆడపిల్లలు మేడములు. వాళ్ళను తెచ్చిన పెద్దలకు అంత మర్యాద దొరకదు. “ఏమయ్యా, కొంచెం పక్కకి జరుగు, మేడం గారికి గాలి ఆడటం లేదు” అంటాడు తండ్రులతో. టీకాల గదిలో అందరూ భయపడేది సూదికి. ఆ భయాన్ని సూది దాకా చేరనివ్వకుండా దారిలోనే కొంత దించేయడం బాబాయికి సరదా.

అతనికి ఇంకొక విద్య ఉంది. పిల్లవాడిని పళ్ళెంలో పెట్టకముందే బరువు కంటితో చెప్పేస్తాడు. యాభై గ్రాములు అటూ ఇటూ, అంతే. ఈ అలవాటు గదిలోనే ఉండిపోతే బాగుండేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళనూ, బ్యాంకులో గుమాస్తానూ కూడా తూచేస్తుంటాడు. వెనకటికి మేనల్లుడు పెళ్ళిచూపులకు తోడు తీసుకెళ్ళి, తిరిగొచ్చాక “అమ్మాయి ఎలా ఉంది మామయ్యా?” అని అడిగితే, “యాభై నాలుగు, చెప్పులతో” అన్నాడు. ఆ తరువాత చుట్టాలెవరూ అతనిని పెళ్ళిచూపులకు పిలవలేదు.

గది పెద్దదేమీ కాదు. గోడ వెంట పొడుగు బెంచీ, కిటికీ కింద బాబాయి బల్ల, ఎదురుగా పెద్ద నర్సమ్మ బల్ల. మూలన పెద్దవాళ్ళ కాటా ఒకటి ఉంది. దాని మీద పాత రిజిస్టర్లు ఛాతీ ఎత్తున పేర్చి ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు ప్రతి నెలా తల్లుల బరువు చూసేది వేరే గదిలో. కాన్పయ్యాక వాళ్ళ బరువుతో ఎవరికీ పని లేదు. ఈ గదిలోకి వచ్చాక తల్లి అంటే పిల్లవాడిని మోసుకొచ్చిన మనిషి.

పెద్ద నర్సమ్మ గట్టి మనిషి. డెబ్బై రెండున్నర కిలోలు. సూది వేస్తే పిల్లవాడు ఏడవడం మొదలుపెట్టేలోపే దూది అద్దేస్తుంది. కానీ కుర్చీలోంచి మాత్రం లేవదు. లోకమంతా ఆమె దగ్గరికి రావాల్సిందే. ఆమె తల వెనక గోడకు, అద్దం కట్టించిన ఒక ప్రశంసాపత్రం ఉంది. దాని కథ చెప్పుకోవాలి.

పదకొండు నెలల క్రితం పైనుంచి ఒక కొత్త కాగితం వచ్చింది. పది ప్రశ్నలు. కాన్పు తరువాత కొందరు తల్లులకు పట్టే దిగులును కనిపెట్టడానికట. రాత్రి పిల్లవాడు పడుకున్నాక మీకు నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపు వస్తోందా? ఇంట్లో మీకు సాయం ఎవరు? ఇదివరకు ఎప్పుడైనా మనసు బాగాలేక మందులు వాడారా? ఇలాంటివి. టీకాకు వచ్చిన ప్రతి తల్లీ బెంచీ మీద కూర్చుని దాన్ని నింపాలి. దిగులు ఉందని తేలితే పై అంతస్తులో వారానికి రెండు రోజులు కూర్చునే మనసుల డాక్టరమ్మ దగ్గరికి పంపాలి.

కాగితం మంచిదే. దాన్ని తయారుచేసినవారికి అన్నీ తెలుసు, ఒక్కటి తప్ప. బెంచీ మీద కూర్చున్న తల్లికి చేతులు ఖాళీ ఉండవు. ఒక చేయి పిల్లవాడి మెడ కింద, ఇంకొకటి వీపు కింద. అందుకని కాగితమూ పెన్నూ ఆమె పక్కన కూర్చున్నవారి చేతికి వెళ్ళేవి. అత్తగారు రాసేది. మొగుడు రాసేవాడు. ఒకసారి కారు నడిపే ఆయన కూడా రాసిచ్చాడు. ‘మా ఆవిడ ఎప్పుడూ హుషారే’ అని ఒక భర్త ప్రశ్న లేకపోయినా అదనంగా కింద రాసి సంతకం పెట్టాడు.

ఆ లెక్కన పదకొండు నెలల్లో ఐదువందల పైచిలుకు తల్లుల్లో దిగులుగా ఉన్నవారు ఒక్కరే తేలారు. ఆయన వయసు డెబ్బై ఒకటి. మనవరాలితో వచ్చిన తాతగారు ప్రశ్నలు తననే అడుగుతున్నారనుకుని నిజాయితీగా రాశారు. నిద్ర పట్టదు, దేనిమీదా ఆసక్తి లేదు, అప్పుడప్పుడు ఏడుపు వస్తుంది, మోకాళ్ళు నొప్పి. డాక్టరమ్మ ఆయనను పైకి పిలిపించి గంటసేపు మాట్లాడింది. పాపం, ఆయనకు మేలే జరిగింది. మిగతా తల్లులందరూ సంతోషంగా ఉన్నందుకు ఈ గదికి ప్రశంసాపత్రం వచ్చింది. తాతగారు తల్లి కాదు గనుక, ప్రతి నెలాఖరునా రిజిస్టరులో ‘దిగులు’ అనే గడిలో పెద్ద నర్సమ్మ ఒక గుండ్రటి సున్నా చుట్టేది. ఆ సున్నా ముగ్గులా ఉండేది.

ఆ రోజు పదకొండు గంటలకు వచ్చినవారు ఒక అత్తా, ఒక కోడలూ, మూడున్నర నెలల ఒక సార్.

అత్తగారు గదిలోకి రావడమే మాట్లాడుతూ వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో ఇంకో సంచీ, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, మణికట్టున పెద్ద వాచీ. “ఏం అన్నయ్యా, బాగున్నావా? చూశావా మావాడిని, పోయినసారికీ ఇప్పటికీ! బుగ్గలు చూడు!” అంది బాబాయితో.

బాబాయి బుగ్గలు చూశాడు. ఆరున్నర కిలోలు. దివ్యంగా ఉన్నారు సార్.

తరువాత కోడలిని చూశాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి యాభై ఎనిమిది. రెండోసారి యాభై మూడు. ఇప్పుడు నలభై ఎనిమిది ఉంటుందేమో. జడ ఎప్పుడో వేసి అలాగే వదిలేసినట్టుంది. జాకెట్టు గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకుంది. ఒళ్ళోని పిల్లవాడిని, పొరపాటున తన ఇంటికి వచ్చిన పార్సిల్‌ను చూసినట్టు చూస్తోంది. పారేయడానికి లేదు, విప్పడానికీ లేదు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకుంది.

“‘నవ్వు వస్తోందా?’ ఎందుకు రాదూ! టీవీ చూసి నేను విరగబడి నవ్వుతుంటే పక్కనే కూర్చుంటుందిగా. వస్తోంది. ‘నిద్ర పడుతోందా?’ మంచం ఎక్కితే గోడవైపు తిరిగి కదలదు, పడుతోంది. ‘సాయం ఎవరు?’ ఇదిగో, నేను లేనూ? ‘మందులు వాడారా?’ ఛ ఛ, మా ఇంట్లో అలాంటివేం లేవు. అంతేగా?”

ఆఖరి మాట కోడలిని అడిగింది. కోడలు తల ఊపింది. ఏ తలుపునైనా కాస్త తోస్తే అది అలా ఊగుతుంది.

అత్తగారు నింపిన కాగితం తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది. దాన్ని ట్రేలో పడేయడం అతని పని. అతను ముందు పిల్లవాడి కార్డు తిప్పి చూశాడు. తరువాతి టీకా తొమ్మిదో నెలలో. అంటే మళ్ళీ ఈ అమ్మాయి ఈ గదిలోకి రావడానికి ఐదున్నర నెలలు ఉంది. కంటి కాటా లెక్క ప్రకారం నెలకు ఐదు కిలోలు. ఐదున్నర నెలలకు ఎంత మిగులుతుందో అతను లెక్క వేయలేదు. వేయబుద్ధి కాలేదు.

బాబాయికి ఈ చూపు తెలుసు. ముప్పై ఏళ్ళ క్రితం ఇంట్లో చూశాడు. కూతురు పుట్టిన ఏడాది అతని భార్య కుళాయి తిప్పి, బకెట్టు నిండి పొర్లిపోతున్నా చూస్తూ నిలబడేది. బద్ధకం అనుకున్నాడు. తరువాత కోపం అనుకున్నాడు. గోడ గడియారం కొనిచ్చాడు. అది పని చేయలేదు, అంటే గడియారం చేసింది గానీ వైద్యం చేయలేదు. రేడియో కొనిచ్చాడు. ఎనిమిది నెలలకు జ్వరం దిగినట్టు దానంతటది దిగిపోయింది. చాలా ఏళ్ళ తరువాత, ఆమె పోవడానికి ఏడాది ముందు, వంకాయలు తరుగుతూ అంది: “అప్పుడు నన్ను ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్ని.”

“రోజూ అడిగేవాడినిగా!”

“పాప ఎలా ఉంది అని అడిగేవాడివి.”

అని మళ్ళీ వంకాయల్లో పడిపోయింది. ఆమె పోయి నాలుగేళ్ళు.

కాటా పళ్ళెం మీది కాగితం తీసేశాడు. దాని బదులు, అత్తగారు నింపిన పది ప్రశ్నల కాగితాన్ని పైకి చూసేలా చక్కగా పరిచాడు.

“దయచేయండి సార్” అంటూ పిల్లవాడి లంగోటీ విప్పి పడుకోబెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం మీద అతనికి ఒక సంగతి బాగా తెలుసు. లంగోటీ విప్పి గాలి తగిలించాక మగపిల్లవాడికి ఆరు అంకెలు లెక్కపెట్టేంత వ్యవధి ఇస్తే చాలు, తడిపేస్తాడు. మామూలుగా నాలుగో అంకెకే బట్ట కప్పేస్తాడు. ఇవాళ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఐదో అంకెకే సార్ కరుణించారు. నిద్రా, నవ్వూ, సాయమూ, మందులూ నీలం నీళ్ళై పళ్ళెం అంచున కారాయి.

“అయ్యయ్యో! చూసుకోలేదు అక్కయ్యగారూ!”

“నీ కళ్ళేమయ్యాయి బాబాయ్?” అని ఎదుటి బల్ల నుంచి పెద్ద నర్సమ్మ కేక వేసింది. “ముప్పై ఏళ్ళ సర్వీసు ఏ మూల పెట్టుకున్నావ్? ఇంకో కాగితం తీసి రాయించు.”

“ఇటు తే అన్నయ్యా, ఏం పర్లేదు” అంది అత్తగారు ఉదారంగా. “జవాబులన్నీ నాకు నోటికి వచ్చేశాయి.”

“దానికేం తొందర? ముందు బరువు సంగతి చూడాలి” అన్నాడు బాబాయి. “ఈ పళ్ళెం తడిసింది, ఆరేదాకా ఇందులో తూచకూడదు. ఆ పెద్ద కాటా మీద మీరు బాబుని ఎత్తుకుని ఎక్కాలి. తర్వాత ఒంటిగా ఎక్కాలి. అందులోంచి ఇది తీసేస్తే సార్ బరువు.”

“నేనా! వాళ్ళమ్మ ఎక్కుతుందిలే.”

“ఆ అమ్మాయి కాళ్ళు వణుకుతున్నాయండీ. కాళ్ళు వణికితే ముల్లు వణుకుతుంది. మీలాంటి నిలకడైన మనిషి కావాలి.”

నిలకడ అనే మాట పనిచేసింది. కానీ బరువు అనే మాట కూడా పనిచేసింది. అత్తగారు బెంచీ మీది జనాన్ని ఒకసారి చూసింది. గొంతు తగ్గించి, “నువ్వు పైకి చదవవుగా?” అంది.

“నా కడుపులోనే ఉంటుంది.”

బాబాయి రిజిస్టర్లు దించేలోపు అత్తగారు తేలికవడం మొదలుపెట్టింది. చెప్పులు విప్పింది. సంచీ దించింది. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి సంచీలో వేసింది. వాచీ విప్పింది. ఒక్క క్షణం ఆలోచించి, మెడలోని కళ్ళజోడు కూడా తీసి బాబాయి బల్ల మీద పెట్టింది. అది పెట్టగానే బాబాయి మనసులో దేవుడికి ఒక దండం పెట్టుకున్నాడు. ఇంత సాయం అతను అడగలేదు.

మనవడిని ఎత్తుకుని ఆమె కాటా ఎక్కింది.

“గోడ వైపు చూడండి. కదలకండి. మాట్లాడకండి, మాట్లాడితే పొట్ట ఊగుతుంది.”

బాబాయి వెనక్కి తిరిగాడు. కోడలు తన రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూస్తోంది. ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులను చూసినట్టు చూస్తోంది. అతను కొత్త కాగితమూ పెన్నూ ఆ చేతుల్లో పెట్టి, బెంచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు కటకటమన్నాయి.

“అమ్మా, నువ్వు ఎలా ఉన్నావు?”

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

“నన్నా?”

“నిన్నే తల్లీ.”

ఆమె పెన్ను మూత తీసింది. బాబాయి లేచి మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. వెనక కాగితం మీద పెన్ను గీసుకునే చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

“అయిందా?” అంది అత్తగారు గోడతో.

“ఊగుతోందండీ ఇంకా.”

“నేను కదల్లేదే!”

“మీరు కదల్లేదు. భూమి తిరుగుతోందిగా, మరి.”

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు ఊపిరి బిగబట్టింది. ముల్లు ఎనభై ఒకటి దగ్గర ఎప్పుడో నిలబడి, ఆశ్చర్యంగా బాబాయిని చూస్తోంది.

“ఎత్తుకోలేకపోతున్నా అన్నయ్యా, చేతులు లాగేస్తున్నాయి.”

“ఇంకొక్క నిమిషం, అక్కయ్యగారూ. మీ నిలకడకి నా నమస్కారం.”

చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. బాబాయి తిరిగి చూశాడు. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ట్రే వైపు కాకుండా అతని చేయి వైపు చాచింది. అతను దాన్ని విప్పలేదు. విప్పే హక్కు తనది కాదు. ఎదుటికి నడిచి పెద్ద నర్సమ్మ బల్ల మీద పెట్టాడు.

“ఇది ఆ అమ్మాయే రాసింది” అన్నాడు. “మిగతా ఐదువందల కాగితాలూ రాసింది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.”

పెద్ద నర్సమ్మ కాగితం విప్పింది. పైనుంచి కిందికి చదివింది. అడుగున ‘ఇంకేమైనా చెప్పాలా?’ అన్నచోట రెండు వరుసలు రాసి ఉన్నాయి. వీడిని ఎవరైనా మంచివాళ్ళకు ఇచ్చేసి నేను లేకుండా పోతే అందరికీ బాగుంటుందని రోజూ అనిపిస్తోంది. ఎవరికి ఇవ్వాలో తెలియక ఆగాను.

పెద్ద నర్సమ్మ కుర్చీలోంచి లేచింది.

బెంచీ మీద వాళ్ళకు అది మామూలు విషయంగానే కనిపించి ఉంటుంది. బాబాయికి మాత్రం గోడ లేచి నడిచినట్టు అనిపించింది. ఆమె తిన్నగా వచ్చి ఆ అమ్మాయి పక్కన బెంచీ మీద కూర్చుంది. తప్పు పెట్టుకున్న గుండీలు రెండు విప్పి, సరిగా పెట్టింది. అంతటి గొంతూ ఎక్కడికో పోయింది. “మంచి పని చేశావమ్మా, రాసి” అంది. ఆ అమ్మాయి ఆమె భుజం మీదికి ఒరిగి, చప్పుడు లేకుండా, కుళాయి విప్పినట్టు ఏడ్చింది.

అదృష్టవశాత్తు అది మనసుల డాక్టరమ్మ కూర్చునే రోజే. కబురు వెళ్ళగానే ఆమె మెట్లు దిగి వచ్చిన వేగానికి చెప్పు బకిల్ ఊడిపోయింది. పదకొండు నెలలుగా ఆమె ఈ గది నుంచి పిలుపు కోసం ఎదురుచూస్తూనే ఉంది. పక్కనే ఉన్న చిన్న గదిలోకి ఆ అమ్మాయిని తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. బాబాయి రెండుసార్లు టీ మోసుకెళ్ళాడు.

కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి పాత కార్డులు అడిగింది. పెద్ద నర్సమ్మ మూడు రిజిస్టర్లు తెరిచింది. కష్టమైన కాన్పని ఒకదానిలో ఉంది. పిల్లవాడు తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడని ఇంకొకదానిలో ఉంది. చదువుకునే రోజుల్లో ఏడాది పాటు మనసుకు మందులు వాడినట్టు గర్భిణిగా ఉన్నప్పటి రిజిస్టరులో ఎవరో రాసి పెట్టారు. భర్త ఓడ మీద పని, నాలుగు నెలలకోసారి వస్తాడు. ఇల్లు మారి ఐదు వారాలే అయింది.

“అన్నీ మన దగ్గరే ఉన్నాయి” అంది పెద్ద నర్సమ్మ. “వేరే వేరే బీరువాల్లో.”

అత్తగారు ఈ హడావిడికి మొదట మండిపడింది. “ఏమైందని? పిల్లాడు బంగారంలా పెరుగుతున్నాడు, ఇంకేం కావాలి?” అని గొడవ చేసింది. తరువాత డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది విని, బెంచీ చివర కూలబడి, వాచీ తప్పు చేతికి పెట్టుకుంటూ బాబాయిని అడిగింది.

“నేను దానిచేత ఒక్క పని చేయించలేదన్నయ్యా. పిల్లాడికి నీళ్ళు పొయ్యడం నేనే. బట్టలు నేనే. ఏడిస్తే ఎత్తుకోవడం నేనే. ఆ జవాబులు నిజమనుకునే రాశాను.”

“నాకు తెలుసండీ.”

“మరి నేనేం తప్పు చేశాను?”

“ఏమీ చెయ్యలేదు. ఇది జబ్బు, ఎవరి తప్పూ కాదు. నేనూ మా ఇంట్లో గడియారం కొనిచ్చాను.”

గడియారం సంగతి ఆమెకు అర్థం కాలేదు. అయినా ఏదో ఓదార్పులా ఉన్నట్టుంది, తల ఊపింది. తరువాత, “ఎంత?” అంది.

“ఏమిటండీ?”

“నా బరువు.”

“గుర్తు లేదండీ” అన్నాడు బాబాయి. ఆ రోజు అతను ఆడిన అబద్ధాల్లో అదే పెద్దది.

మధ్యాహ్నం రెండు దాటాక పెద్దాసుపత్రి బండి వచ్చింది. తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచే వార్డు అక్కడ ఉందట. కొన్ని వారాలు అక్కడే. మందులు, నిద్ర, మాటలు. తగ్గుతుందని, చాలామందికి తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది. కబురు అందుకున్న భర్త వచ్చే రేవులో దిగిపోతానన్నాడు. బండి ఎక్కేటప్పుడు అత్తగారు మనవడి కోసం అలవాటుగా చేతులు చాచింది. చాచి, మధ్యలో ఆగి, “నువ్వు ఎత్తుకుంటావా, నన్ను ఎత్తుకోమంటావా?” అని కోడలిని అడిగింది. కోడలు కాసేపు ఆలోచించింది. “మీరు ఎత్తుకోండి అత్తయ్యా. నేను పక్కన కూర్చుంటా” అంది. ఆ రోజు బాబాయి ఆమె నోట విన్న పొడుగు మాట అదే. బండి చప్పుడు చేయకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

పెద్ద నర్సమ్మ రిజిస్టరు తీసి ‘దిగులు’ గడిలో నిలువుగా ఒక గీత గీసింది. ఒకటి. తల ఎత్తకుండానే, “రేపట్నుంచి పిల్లలు నీ కాటా మీద ఉన్నంతసేపే తల్లుల చేతికి కాగితం. పక్కవాళ్ళకి ఇవ్వొద్దు” అంది.

“అంతసేపు ముల్లు ఊగొద్దా సిస్టరమ్మా?”

“ఊగించు. మొదలుపెట్టినవాడివి నువ్వేగా.”

ఐదింటికి గది ఖాళీ అయింది. బాబాయి కిటికీలు వేసి, రిజిస్టర్లను ఈసారి నేల మీదే ఉంచి, చీపురు పట్టుకుని చిన్న గదిలోకి వెళ్ళాడు. కుర్చీలు రెండూ ఎదురెదురుగా దగ్గరగా జరిపి ఉన్నాయి. వాటిని సర్దబోయి, అలాగే వదిలేశాడు. బల్ల మీద ఆ అమ్మాయి తాగిన టీ గ్లాసు అడుగుదాకా ఖాళీగా ఉంది. పక్కన కాగితం పళ్ళెంలో అతను పెట్టిన నాలుగు బిస్కెట్లలో మూడు లేవు. నాలుగోది మాత్రం ఉంది, ఒక మూల కొరికి, అంచున ఆ అమ్మాయి పళ్ళ గుర్తులతో.